దవడ ఆడుతూనే ఉంది

జూన్ 18, 2025

డాక్టరు మా ఆయన చెంప లోపలికి టార్చి వేసి చూశాడు. ఈ తెల్లమచ్చ ఇప్పటికైతే ఉత్త మచ్చేనండీ, ఖైనీ ఆపకపోతే మచ్చగా ఉండిపోదు అన్నాడు. ఆయన తల ఊపారు. మెట్లు దిగుతూ, ఆపేస్తాలే స్టెల్లా, కానీ ఇంజనెక్కాక నోట్లో ఏదో ఒకటి ఆడకపోతే నా బుర్ర పనిచెయ్యదు, ఏం వేసుకోమంటావో నువ్వే చెప్పు అన్నారు.

ఇరవై ఏళ్ళుగా రైలు నడుపుతున్న మనిషి. లోకో పైలట్ బాలశౌరి సర్వీసులో మచ్చ లేదని తోటివాళ్ళే అంటారు. చెంపలో వచ్చింది. అడిగింది నన్ను. గుడివాడలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పుకునేదాన్ని, నాకేం తెలుసు. తెలిసిందల్లా చదవడమే. ఇంటికొచ్చి చదివాను. చూయింగ్ గమ్ నమిలితే చురుకు పెరుగుతుందని, ధ్యాస నిలుస్తుందని రెండు మూడు పేపర్లు దొరికాయి. శాంపిళ్ళు చిన్నవి. అయినా నచ్చాయి. నచ్చాయి కాబట్టి శాంపిల్ సంగతి పక్కన పెట్టాను. క్లాసులో ఇదే పని పిల్లలు చేస్తే మార్కులు తీసేస్తాను.

జూన్ 20

గమ్ కొన్నాను. పంచదార లేనిది, పుదీనా. ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను.

జూన్ 29, ఆదివారం

మా అత్తగారు తెరేసమ్మగారికి గమ్ గిట్టడం లేదు. మరియమ్మ గుళ్ళోంచి బయటికి రాగానే మొదలుపెట్టారు. పూజ అయిందో లేదో ఏంట్రా గేదెలా ఆ నెమరు, దివ్యసత్ప్రసాదం తీసుకున్న నోరేనా అది అని. గేదె నెమరేస్తందంటే ఒంట్లో బాగున్నట్టే గదమ్మా, నెమరాపితేనే డాక్టర్ని పిలుస్తారు అన్నారు ఆయన. ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నేర్పింది నీ పెళ్ళామేగా, చదువుకున్న పిల్ల, నేనెందుకు మాట్లాడాలి అన్నారు.

ఖైనీ మాత్రం నిజంగానే మానేశారు. గర్వంగా ఉంది. రాయడానికి సిగ్గు దేనికి.

జూలై 8

చిన్న విషయం. రాసి వదిలేద్దామని.

రైలింజన్లో ఇద్దరుంటారు, పైలట్, అసిస్టెంటు. సిగ్నల్ కనపడగానే చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. ఒకరు చెబితే రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. మనసులో అనుకుంటే సరిపోదు, నోటితో చెప్పాలి. ఆయనకి ఇది ఇంట్లోకి కూడా వచ్చేసింది. కుక్కర్ ఆఖరి కూత వేస్తే వంటింటి వైపు చెయ్యి చాపి గ్రీన్ అంటారు. స్కూటర్ మీద కుమ్మరిపాలెం సెంటర్లో ఆగితే ఎడంచెయ్యి ఎత్తి రెడ్ అంటారు. వెనక కూర్చుని నేను రెడ్ అనాలి. పెళ్ళైన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, పక్క ఆటోవాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత నాకూ అలవాటైంది.

ఇవాళ సిగ్నల్ దగ్గర ఆగారు. చెయ్యి ఎత్తలేదు. చెప్పలేదు. వెనక నుంచి చూస్తే దవడ ఎముక మాత్రం చెవి కింద తిరుగుతోంది. నేనొక్కదాన్నే రెడ్ అన్నాను. ఆయన తల ఊపారు.

జూలై 15

పొద్దున నేను గుడివాడ వెళ్ళిన ప్యాసింజర్ ఆయనదే. నెలలో కొన్నిసార్లు అలా కలుస్తుంది. ఆయన ముందు, నేను మూడో డబ్బాలో ఆడవాళ్ళ మధ్య. పెళ్ళైన ఏడాది ఇలాగే వెళుతూ కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయాను. దాటిన ప్రతి సిగ్నలూ రెడ్. ఇంటికొచ్చాక మీరు రెడ్లన్నీ దాటేశారని ఏడ్చాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఇంజన్ దాటగానే సిగ్నల్ దానంతటదే రెడ్ పడిపోద్దే పిచ్చిదానా, వెనకాలొచ్చే బండి మిమ్మల్ని గుద్దకుండా, డబ్బాలో కూర్చున్నోళ్ళకి ఎప్పుడూ రెడ్డే కనపడుద్ది, గ్రీన్ చూసేది మేమిద్దరమే అన్నారు.

ఇవాళ ఉప్పలూరు దాటుతుంటే అది గుర్తొచ్చింది. నవ్వు రాలేదు.

జూలై 19

కాలేజీలో ఒక పిచ్చిపని చేశాను. యూనిట్ టెస్టుకి ఎ సెక్షన్ వాళ్ళకి తలా ఒక గమ్ ఇచ్చాను, బి సెక్షన్ వాళ్ళకి ఇవ్వలేదు. ఎ సెక్షన్ కాస్త బాగా రాసింది. కానీ అది ముందునుంచీ బాగా రాసే సెక్షనే. పైగా మేడమ్ పరీక్షలో గమ్ ఇచ్చిందన్న హుషారు ఒకటి. దీన్ని బట్టి ఏమీ చెప్పలేం. ప్రిన్సిపాల్ పిలిచి బెంచీల అడుగున చెయ్యి పెట్టి చూడమన్నారు. పెట్టాను. నా పరిశోధన అంతా అక్కడే అంటుకుని ఉంది.

జూలై 27, ఆదివారం, మధ్యాహ్నం 3

భోజనాలయ్యాక ఆయన బాల్కనీలో పేపర్ పట్టుకుని కూర్చున్నారు. అత్తమ్మ కంటి చుక్కలమందు అయిపోయింది, సాయంత్రం తేవాలని వెనక నుంచి చెప్పాను. పలకలేదు. దవడ తిరుగుతోంది, పేపర్ చేతిలోనే ఉంది. మళ్ళీ చెప్పాను. పలకలేదు. అలిగారనుకుని ముందుకెళ్ళి చూశాను.

నిద్రపోతున్నారు.

కళ్ళు సగం మూసి ఉన్నాయి. కనుగుడ్ల కింద తెల్లగా గీత. దవడ మాత్రం ఆగలేదు. అటూ ఇటూ, ఒకే లెక్కలో, దానికీ మనిషికీ సంబంధం లేనట్టు. ఏవండీ అని భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి, వింటన్నాగా చెప్పు అన్నారు.

అత్తమ్మ గుమ్మంలోంచి చూసి నవ్వారు. గేదె గూడా అంతేనే, నెమరేస్తానే కునుకు తీసుద్ది అన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ దవడ వైపు చూశాను.

జూలై 28

నిన్న బిర్యానీ తిన్నాం. ఎండ. ఆదివారం. ఎవరికైనా నిద్ర వస్తుంది. ఒక్క అబ్జర్వేషన్.

ఆగస్టు 9

సాయిశ్రీ వచ్చింది. ఆయన అసిస్టెంటు. చక్కటి పిల్ల, ఇంజనీరింగ్ చదివి ఈ ఉద్యోగం ఏరికోరి ఎంచుకుంది. నిన్న వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతమట, బూరెలూ పులిహోరా తెచ్చింది. అత్తమ్మ బూరె విరిచి నెయ్యి తక్కువైందే అమ్మాయ్, వచ్చే ఏడు నేనొచ్చి చెప్తాలే అంటే, రండి మామ్మగారూ, పూజకి కూడా కూర్చోబెడతాను అంది.

కబుర్ల మధ్య అంది, సార్ ఇప్పుడు భలే అలర్ట్ మేడమ్, ఇదివరకు మధ్యాహ్నం డ్యూటీల్లో కాస్త డల్‌గా ఉండేవారు, ఇప్పుడు చూడాలి, ఆ దవడ ఒక్క నిమిషం ఆగదు, ఆయన్ని చూస్తే నాకూ నిద్ర రాదు అని.

మరి సిగ్నల్ చెప్పేటప్పుడు అన్నాను. నేను చెప్తాను మేడమ్, సార్ తల ఊపుతారు, నోట్లో గమ్ కదా అంది. నవ్వుతూ అంది. పొగుడుతూ అంది.

పులిహోర నోట్లో ఉంది. నమలడం ఆపేశాను.

ఆ పిల్ల దవడని చూసి మనిషి మేలుకుని ఉన్నాడనుకుంటోంది. నేను చూశాను, దవడకి మనిషి అక్కర్లేదు.

ఆగస్టు 10

డ్యూటీకి వెళ్ళారు. నేను ఆపలేదు.

ఆగస్టు 12

చెప్పేశాను. ముందు గురక సంగతి ఎత్తాను. గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది, తర్వాత ఒక్కసారిగా లాక్కుంటున్నారు, ఎన్నేళ్ళుగానో వింటున్నాను, రైల్వే డాక్టరుకి చూపించండి అన్నాను. తర్వాత బాల్కనీ సంగతి. తర్వాత గమ్ మానెయ్యమని.

ఆయన అరవరు. అరిస్తే బాగుండేది. నువ్వే ఇచ్చావ్, నువ్వే లాక్కుంటావా అన్నారు. జూన్‌లో పనికొస్తుందని చదివావు, ఇప్పుడు పనికిరాదని చదివావా అన్నారు. చదివాను. అదే బాధ. నమిలితే మేలని చెప్పినవాళ్ళున్నారు, కాసేపే మేలని చెప్పినవాళ్ళున్నారు, గుర్తుపెట్టుకోవాల్సిన పనిలో నమలడమే అడ్డమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఆ మాటే చెప్పాను. నీ పేపర్లే ఒక మాట మీద నిలబడవు, నేను మాత్రం నిలబడాలా అన్నారు.

నిద్రపోయి బటన్ నొక్కకపోతే కూత పెట్టే ఏర్పాటు ఇంజన్లో ఉంటుందిగా అని నాకు నేనే ధైర్యం చెప్పుకోబోయాను. కానీ ఎప్పుడో ఆయనే అన్నారు, ఎవరి గురించో మాట్లాడుతూ, ఆ బటన్ నొక్కడం చేతికి అలవాటైపోద్ది, మనిషితో పన్లేదు అని.

చివర్లో ఒక్క మాట మెల్లగా అన్నారు. డాక్టరు దగ్గరికెళితే ఆ రోజే ఇంజన్ దించేస్తారు స్టెల్లా, నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి ఫైళ్ళు మోయిస్తారు, నాకింకే పనీ రాదు.

ఆయనకీ భయమే. ఇద్దరి భయాలూ ఒకే మంచం మీద, వీపులు తిప్పుకుని.

ఆగస్టు 18

గమ్ డబ్బా చెత్తలో వేశాను. సాయంత్రానికి ఆయన జేబులో కొత్తది ఉంది.

ఆయన పైనున్న ఇన్‌స్పెక్టర్‌గారి నంబరు నొక్కాను. రింగవగానే కట్ చేశాను.

లేని జబ్బుని ఉందనుకుంటే ఒక తప్పు. ఉన్నదాన్ని లేదనుకుంటే ఇంకో తప్పు. బోర్డు మీద రెండింటికీ ఒకే సైజు డబ్బాలు గీస్తాను, ఏటా. మొదటి తప్పు చేస్తే మా ఆయన పరువు, పని పోతాయి, నా మొహం చూడరు. రెండోది చేస్తే ఆ ప్యాసింజర్‌లో పాల క్యాన్లవాళ్ళు, నర్సింగ్ పిల్లలు, గుడివాడ నుంచి పూలు తెచ్చే ఆడవాళ్ళు. ఒకే సైజు ఎలా గీశాను ఇన్నాళ్ళూ.

తెలిసి కూడా ఫోన్ చెయ్యలేదు. అది రాసుకోవాలి.

ఆగస్టు 21

సాయిశ్రీని ప్లాట్‌ఫారం చివర పట్టుకున్నాను. దవడని చూడకమ్మా, మాట విను, నువ్వు రంగు చెప్పాక సార్ నోటితో తిరిగి చెప్పాలి, తల ఊపితే లెక్క కాదు అన్నాను. బిత్తరపోయింది. సార్‌ని నేనెలా అడుగుతాను మేడమ్, నాకు ఆయనే పని నేర్పారు, నోరు తెరిచి చెప్పండి సార్ అంటే ఏమనుకుంటారు అంది. ఆయనే నేర్పారు కాబట్టే అడగమన్నాను. అడిగినా చెప్పకపోతే అంది.

నీ వైపు కూడా బ్రేకు ఉందిగా అన్నాను.

అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి.  నేను ఫోన్‌లో చెప్పలేని మాటని ఒక చిన్నపిల్ల చేతిలో పెట్టి వచ్చాను.

ఆగస్టు 26

ఇప్పుడు ప్రతి రైల్లోనూ కాళ్ళు నేలకి ఆనించి కూర్చుంటున్నాను, ఆయనది కాని రైల్లో కూడా. స్టేషన్ దగ్గర పడుతుంటే స్పీడు తగ్గుతోందా అని పాదాలతో వింటాను. పక్కన కూర్చునే కామర్స్ మేడమ్ ఏంటండీ అలా కాళ్ళు నేలకి తన్నిపెడుతున్నారు, బ్రేకు మీ దగ్గరుందా అంది. అందరూ నవ్వారు. నేనూ.

ఆగస్టు 30

ఇంకొకటి. క్లాసులో ఒకమ్మాయి గమ్ నములుతోంది. చాలా శ్రద్ధగా నన్నే చూస్తోంది. ప్రశ్న అడిగాను. కళ్ళు నా మీదే ఉన్నాయి, నోరు ఆడుతోంది, వినలేదు. బయటికి పొమ్మని కేకేశాను. ఎప్పుడూ అరవని మనిషిని. పిల్ల ఏడ్చింది.

సెప్టెంబరు 2, సాయంత్రం 7

అక్షరాలు తిన్నగా రావడం లేదు.

గుడివాడలో మధ్యాహ్నం బండి ఎక్కాను. ఆయనదే. నేను ఎక్కానని ఆయనకి తెలియదు. మూడో డబ్బా, కిటికీ. ఇందుపల్లి ఇంకా రాలేదు. రెండు వైపులా వరి, ఏపుగా, మధ్యలో కాలవ. బఠానీలమ్మే ఆవిడ బుట్ట దించి కామర్స్ మేడమ్‌కి పొట్లం కడుతోంది. స్పీడు తగ్గాల్సిన చోటు నా పాదాలకి తెలుసు. తగ్గలేదు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో, లేచి ఏం చేద్దామనుకున్నానో.

అప్పుడు పట్టేసింది బ్రేకు. మనుషులు మనుషుల మీద పడ్డారు. బఠానీలు డబ్బా అంతా దొర్లాయి. ఎవరో మరియమ్మ తల్లీ అన్నారు, ఎవరో కనకదుర్గమ్మా అన్నారు, నేనేమన్నానో తెలియదు. చక్రాల కింద నుంచి కాలిన ఇనుము వాసన.

ఆగింది.

అక్కడ లైను కొంచెం వంపు తిరుగుతుంది. కిటికీలోంచి తల పెట్టి చూస్తే ఇంజన్ కనపడింది. ఇంజన్‌కి అవతల, ఇంకా అవతలే, పొలాల మీద సిగ్నల్. రెడ్.

ఇరవై ఏళ్ళలో డబ్బాలోంచి నేను చూసిన మొదటి అసలైన రెడ్ అది. మేం దాటాక పడింది కాదు. మా కోసం పడి ఉన్నది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బఠానీలావిడ కూర్చుని ఒక్కొక్కటీ ఏరుతోంది. నేనూ కింద కూర్చుని ఏరాను, చెయ్యడానికి ఇంకేమీ లేక.

అదే రోజు, 8

సాయిశ్రీ ఫోన్ చేసింది. ఏడుస్తూనే చెప్పింది. ఎల్లో వచ్చింది మేడమ్, నేను ఎల్లో అన్నాను, సార్ తల ఊపారు, దవడ ఆడుతూనే ఉంది, కానీ స్పీడు తగ్గించలేదు. ఎల్లో సార్ అని మళ్ళీ అన్నాను. మళ్ళీ ఊపారు. అప్పుడు మీరు గుర్తొచ్చారు. నోటితో చెప్పండి సార్ అన్నాను. చెప్పలేదు మేడమ్, నమలడం ఆపలేదు. బ్రేకు వేసేశాను. బండి ఆగాక సార్ నా వైపు తిరిగి ఎవరేశారు అన్నారు. కళ్ళు అప్పుడు తెరిచారు మేడమ్.

 బాగా చేశావమ్మా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో.

సెప్టెంబరు 3

రాత్రి భోంచెయ్యలేదు. పొద్దున వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. నోరు ఖాళీగా ఉంది.

దిగగానే తనే చెప్పేశారట, సాయిశ్రీ నోరు విప్పకముందే. బ్రేకేసింది ఆ అమ్మాయి, నిద్రపోయింది నేను అని. దించేశారు. పరీక్షలకి పంపుతున్నారు.

నేను సిద్ధం చేసుకున్న ఓదార్పు మాటలేవీ పనికిరాలేదు. ఆయన బాధ ఉద్యోగం గురించి కాదు. ఎల్లో నాకు గుర్తు లేదు స్టెల్లా అన్నారు. నిద్రపోయినట్టు కూడా గుర్తు లేదు. మేలుకునే ఉన్నాననుకున్నా. మరి అంతకుముందు రోజు? జూలైలో? గుర్తున్నవి గ్రీన్లని గుర్తున్నాయి. గుర్తులేనివి ఎన్నో, అవి ఏ రంగులో.

కుక్కర్ కూత వేసింది. ఇద్దరం దానికేసి చూశాం. ఎవరమూ గ్రీన్ అనలేదు.

సెప్టెంబరు 15

ఒళ్ళంతా వైర్లు పెట్టి నిద్ర పరీక్ష చేశారు. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట, మెదడు ఉలిక్కిపడి లేపుతోందట, తెల్లవార్లూ అదే పని. ఇలాంటి మనిషికి పగలు ఏం నమిలినా లాభం లేదండీ, గమ్ దవడనే లేపి ఉంచుద్ది అన్నాడు డాక్టరు. చెంపలో మచ్చ మాత్రం తగ్గుతోందన్నాడు. ఎంత మంచి వార్త, సంతోషించడానికి చోటు లేకపోయింది.

పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు, గొట్టం, మిషను. అత్తమ్మ చూసి సిలువ గుర్తు వేసుకున్నారు. కాసేపటికి తేరుకుని, ఏనుగు తొండంలా ఉందిరా శౌరీ, అరటిపండు పెట్టనా అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వారు.

అక్టోబరు 9

బి సెక్షన్ పిల్లవాడు అడిగాడు, మేడమ్ మీ గమ్ ఎక్స్‌పెరిమెంట్ రిజల్ట్ ఏంటి అని. దవడలు కదిలాయని మాత్రం నిర్ధారణ అయింది అన్నాను. క్లాసంతా నవ్వింది. బోర్డు వైపు తిరిగి రెండు తప్పుల డబ్బాలు గీశాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. స్కేలు తప్పింది మేడమ్ అన్నారెవరో. తప్పలేదన్నాను.

నవంబరు 27

ఫిట్ అన్నారు. మిషన్‌తో పడుకున్నంత కాలం ఫిట్. వచ్చే వారం నుంచి లైన్లోకి, ఇన్‌స్పెక్టర్ పక్కన ఉండి చూసే ట్రయల్ ట్రిప్పులూ అయిపోయాయి. అసిస్టెంటుగా సాయిశ్రీనే అడిగి వేయించుకున్నారు. నోటితో చెప్పించుకునేవాళ్ళు కావాలి అన్నారు.

సంతోషించాలి. అత్తమ్మ గుణదల మరియమ్మ కొండకి మొక్కు తీర్చుకుంటానంటున్నారు. ఆయన ముఖం తేటపడింది, గురక లేదు, మధ్యాహ్నం పేపర్ మొత్తం చదువుతున్నారు. అన్నీ సరే. కానీ అప్పుడూ ఆయన మేలుకునే ఉన్నాననుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

స్కూటర్ మీద కుమ్మరిపాలెం సెంటర్లో చెయ్యెత్తి రెడ్ అన్నారు, గట్టిగా. వెనక నా గొంతు రావడానికి కాస్త ఆలస్యమైంది.

డిసెంబరు 4

ఆయన బండి. మూడో డబ్బా, కిటికీ. ఉప్పలూరు దాటాక సిగ్నల్ వెనక్కి జరిగిపోయింది. ముందున్న ఇద్దరికీ ఏం కనపడిందో, నాకు కనపడింది రెడ్.

చెయ్యి చాపి గ్రీన్ అన్నాను, పైకి.

బఠానీలావిడ అటు చూసి, నా మొహం చూసింది. ఏ గ్రీనమ్మా, ఎర్రగా ఉంటే అంది.

మళ్ళీ అన్నాను.